గడ్డి చేమంతి ఆకు ఎక్స్‌ట్రాక్ట్, ఎలుకల్లో గాయం మోడల్: ప్రోటోకాల్ చూసి చెప్పండి

ప్రశ్న: ఫైటో_ఎంఫార్మ్

అందరికీ నమస్కారం. గడ్డి చేమంతి (ట్రైడాక్స్ ప్రొకంబెన్స్) ఆకు ఎక్స్‌ట్రాక్ట్‌ గాయాన్ని ఎంతవరకు మాన్పగలదో విస్టార్ ఎలుకల్లో చూడాలనుకుంటున్నాను. జంతు నైతిక కమిటీకి పంపేముందు ప్రోటోకాల్ ఇక్కడ పెడుతున్నా. మొహమాటం లేకుండా తప్పులు చెప్పండి.

ఆకు నీడన ఆరబెట్టి, పొడి చేసి, సాక్స్‌లెట్‌లో (వేడి ద్రావకంతో సారం తీసే గాజు పరికరం) ఇథనాల్‌తో ఎక్స్‌ట్రాక్ట్ తీసి, వాటర్ బాత్ మీద ఇగరబెడతాను. దాన్ని తెల్ల సాఫ్ట్ పారఫిన్‌లో 5 శాతం, 10 శాతం చొప్పున కలిపి ఆయింట్‌మెంట్ చేస్తాను. గ్రూపులు నాలుగు: ఏమీ రాయని కంట్రోల్, పోవిడోన్ అయోడిన్, 5 శాతం, 10 శాతం. గ్రూపుకి 6 ఎలుకలు, బరువు 180–220 గ్రాములు. ఈథర్ మత్తులో వీపు మీద 2.5 సెం.మీ. వ్యాసంతో గుండ్రటి ఎక్సిషన్ గాయం (చర్మం ముక్క కోసి తీసేసేది). రోజుకొకసారి ఆయింట్‌మెంట్ రాయడం. 0, 4, 8, 12, 16, 20 రోజుల్లో ట్రేసింగ్ (గాయం అంచు గీసి వైశాల్యం కొలవడం). 20వ రోజున ఎలుకల్ని చంపి, చర్మం తీసి హిస్టాలజీకీ (మైక్రోస్కోప్ కింద కణజాలం చూడటం), హైడ్రాక్సీప్రోలిన్‌కీ (కొల్లాజెన్ ఎంతుందో చెప్పే అమైనో ఆమ్లం కొలత). లెక్కలకి ఏ రోజుకారోజు టి-టెస్ట్.

అనుమానాలు రెండు. 16వ రోజుకల్లా కంట్రోల్‌కీ మందుకీ తేడా ఉండదని సీనియర్లు అంటున్నారు, అదెందుకు? ఇన్సిషన్ మోడల్ (కోసి కుట్టే గాయం) కూడా పెట్టి తీరాలా?

జవాబు 1: గాయాల_ల్యాబ్

మీ మొదటి అనుమానంలోనే ప్రోటోకాల్ మొత్తం బాగోగులు ఉన్నాయి. ఎలుక చర్మం వదులుగా ఉంటుంది, దాని కింద పానిక్యులస్ కార్నోసస్ అనే పల్చటి కండపొర ఉంటుంది. ఆ పొర, దానికి తోడు గాయంలో పుట్టే మయోఫైబ్రోబ్లాస్టులు (ముడుచుకునే కణాలు) అంచుల్ని లోపలికి లాగేస్తాయి. అందుకే ఎలుకలో గాయం చాలావరకు కుంచించుకుపోయి మూసుకుంటుంది, కొత్త పైచర్మం పాకి మూసేది తక్కువ. మనుషుల్లో ఎక్కువ చోట్ల ఇది తారుమారు. ఆరోగ్యంగా ఉన్న కుర్ర ఎలుకకి మీరు ఏమీ రాయకపోయినా మూడో వారానికి గాయం దాదాపు కనబడదు. కంట్రోలే 90 శాతం దాటేశాక మందు చూపించడానికి మిగిలేదేముంది? తేడా అంటూ ఉంటే 4 నుంచి 10 రోజుల మధ్య ఉంటుంది. అక్కడ రెండు రోజులకొకసారి కొలవండి, 12 తర్వాత నాలుగు రోజులకొకసారి చాలు. ముఖ్యమైన కొలత ఏదో ముందే రాసిపెట్టుకోండి: 8వ రోజు వైశాల్యమో, గాయం సగానికి రావడానికి పట్టిన రోజులో. అన్ని రోజులూ కొలిచి, బాగా కనబడ్డ రోజుని చివర్లో ఏరుకోవడం కుదరదు.

ట్రేసింగ్‌లో ఒకే గీత గీస్తే కుంచించుకోవడం, పైచర్మం పాకడం కలిసిపోతాయి. ఫోటోలో రెండు గీతలు గీయండి. బయటి గీత వెంట్రుకలున్న మామూలు చర్మం అంచు. లోపలి గీత కొత్తగా పాకిన గులాబీరంగు పైచర్మం అంచు, అంటే ఇంకా పచ్చిగా ఉన్న భాగం హద్దు. 0వ రోజు వైశాల్యంలోంచి బయటి గీత వైశాల్యం తీసేస్తే కుంచించుకున్నదెంతో వస్తుంది, రెండు గీతల మధ్య ఉన్నది ఎపిథీలియం (పైచర్మం) పాకినది. అదే ఫోటో, అదే ఇమేజ్‌జె సాఫ్ట్‌వేర్, పని ఇంకో రెండు నిమిషాలు. కానీ మీ మందు దేనిమీద పనిచేస్తోందో దీంతోనే తెలుస్తుంది.

కుంచించుకోవడాన్నే ఆపి చూడాలంటే స్ప్లింట్ మోడల్ ఉంది. 2004లో గలియానో బృందం చిట్టెలుకల్లో చూపించిన పద్ధతి: గాయం చుట్టూ సిలికోన్ రింగు, సైనోఅక్రిలేట్ జిగురు, ఆపైన నైలాన్ కుట్లు. రింగు చర్మాన్ని పట్టి ఉంచుతుంది కాబట్టి గాయం గ్రాన్యులేషన్‌తో (గాయంలో కొత్తగా పెరిగే కండ), ఎపిథీలియంతోనే మూసుకోవాలి. పెద్ద ఎలుకల్లో రింగు ఊడిపోవడం పెద్ద తలనొప్పి. కేవలం జిగురుని నమ్ముకోకండి. రోజూ కుట్లు చూడండి, ఊడిన రింగు గాయాన్ని లెక్కలోంచి తీసేస్తామని ప్రోటోకాల్‌లోనే రాయండి.

గాయం చేసే దగ్గర: వెంట్రుకలు ముందు రోజే తీయండి. అప్పటికప్పుడు గొరిగితే గీతలు పడి చుట్టుపక్కల చర్మం ఎర్రబడుతుంది. ముద్ర వేసేటప్పుడు చర్మాన్ని సాగదీయకండి, వదలగానే గుండ్రం కాస్తా కోడిగుడ్డు ఆకారంలోకి వస్తుంది. 2.5 సెం.మీ. ముద్ర అంటే సుమారు 491 చ.మి.మీ., కానీ కోయగానే అంచులు వెనక్కి లాక్కుని గాయం అంతకంటే పెద్దదవుతుంది. అందుకని 0వ రోజు వైశాల్యం ముద్ర సైజు కాదు, కోసిన కొద్ది నిమిషాలకి తీసిన ఫోటో లెక్క. పానిక్యులస్ పొర తీస్తున్నారా వదిలేస్తున్నారా అన్నది అన్ని ఎలుకల్లో ఒకటే ఉండాలి. ఒకదాంట్లో తీసి ఇంకోదాంట్లో వదిలితే అదే మీ మందు కంటే పెద్ద తేడా చూపిస్తుంది.

గ్రూపుల్లో అసలైన లోపం: బేస్ కంట్రోల్ (ఎక్స్‌ట్రాక్ట్ కలపని ఉత్త ఆయింట్‌మెంట్ రాసే గ్రూపు) లేదు. పారఫిన్ రాస్తేనే గాయం తడారకుండా ఉండి త్వరగా మానుతుంది. ఏమీ రాయని గాయంతో పోల్చి "మందు పనిచేసింది" అంటే, పనిచేసింది పారఫిన్ కావచ్చు. ఉత్త బేస్ గ్రూపు పెట్టండి, మందుని దాంతోనే పోల్చండి. ఏమీ రాయని గ్రూపు బేస్ ప్రభావం ఎంతో చూడటానికి మాత్రమే.

పోవిడోన్ అయోడిన్ క్రిముల్ని చంపే మందు, మాన్పే మందు కాదు. శుభ్రంగా చేసిన గాయంలో దాన్ని మించడం పెద్ద గొప్పేం కాదు, అది ఫైబ్రోబ్లాస్టులకి (కొల్లాజెన్ తయారుచేసే కణాలకి) కాస్త హాని కూడా చేయగలదు. నైట్రోఫ్యూరజోన్ 0.2 శాతం వాడేవాళ్లున్నారు. అది సాధారణంగా పాలీఇథిలీన్ గ్లైకాల్ బేస్‌లో వస్తుంది, మీది పారఫిన్. ఏ స్టాండర్డ్ పెట్టినా దాని బేస్ ఏదో రిపోర్టులో రాయండి.

ఇన్సిషన్ మోడల్ పెడితే మంచిది, ఎందుకంటే అది వేరే ప్రశ్నకి జవాబు చెబుతుంది: మూసుకున్న గాయం ఎంత బలంగా అతుక్కుంది అని. వెన్నెముక పక్కగా 6 సెం.మీ. కోత, సెంటీమీటరుకొక కుట్టు, 8వ రోజు కుట్లు తీసి 10వ రోజు లాగి చూడటం. నీళ్ల పద్ధతిలో అంచుకి 3 మి.మీ. దూరంలో రెండు వైపులా ఆలిస్ ఫోర్సెప్స్ పట్టించి, ఒకటి స్టాండుకి, ఇంకోటి కప్పీ మీదుగా సీసాకి కడతారు. సీసాలోకి నీళ్లు ఒకే వేగంతో పడాలి. గాయం విచ్చుకోగానే ఆపి, పడ్డ నీళ్ల బరువు రాస్తారు. ధార వేగం మారితే అంకె మారుతుంది, కాబట్టి వేగం కూడా రాయాల్సిందే. కుట్టేముందు కోత లోపల ఆయింట్‌మెంట్ పెట్టకండి. పారఫిన్ అంచుల మధ్య అడ్డం పడి అతుక్కోనివ్వదు.

జవాబు 2: ఆకు_అలము

పైవారు గాయం సంగతి చెప్పారు, నేను ఆకు సంగతి చెబుతాను.

ముందు హెర్బేరియం షీటు. పూలతో సహా మొక్కని నొక్కి ఆరబెట్టి, వృక్షశాస్త్రం వాళ్లతో గుర్తింపు రాయించి, వోచర్ నంబరు తీసుకోండి. ఆకంతా ఒకే విడతలో కోయండి. ఎంత కావాలో ఇలా లెక్క వేసుకోవచ్చు: గాయానికి రోజుకి 0.5 గ్రాము ఆయింట్‌మెంట్, 6 ఎలుకలు, 20 రోజులు, అంటే ఒక్కో శాతానికి 60 గ్రాములు. 5 శాతంలో 3 గ్రాములు, 10 శాతంలో 6 గ్రాములు, మొత్తం 9 గ్రాముల ఎక్స్‌ట్రాక్ట్. ఇన్సిషన్ మోడల్, చర్మ పరీక్ష, వృథా కలిపి 20 గ్రాములు చేతిలో ఉండాలి. ఎక్స్‌ట్రాక్ట్ పొడిలో పదో వంతు వస్తుందనుకుంటే 200 గ్రాముల పొడి కావాలి. పచ్చి ఆకులో చాలావరకు నీరే కాబట్టి కిలోకి పైనే కోయాలి. సగంలో అయిపోయి రెండో విడత తీస్తే అది వేరే మందే.

సాక్స్‌లెట్ ఎందుకు? గంటల తరబడి మరిగే ద్రావకంలో వేడికి ఆగని పదార్థాలు పోతాయి. 70 శాతం ఇథనాల్‌లో ఒకటికి పది పాళ్లు పోసి 72 గంటలు నానబెట్టండి, అప్పుడప్పుడు కదపండి. వడకట్టి రోటరీ ఎవాపరేటర్‌లో 40–45 డిగ్రీల దగ్గర ఇగరబెట్టండి. వాటర్ బాత్ మీద ఇగరబెడితే అడుగు మాడుతుంది, పైన పొర కట్టి లోపల ఇథనాల్ మిగిలిపోతుంది. ఆ ఇథనాల్ పచ్చి గాయం మీద మండుతుంది, కణాల్ని కూడా చంపుతుంది. వరసగా రెండుసార్లు తూచినప్పుడు బరువు మారకపోతేనే ఆరినట్టు. ఈ ఎక్స్‌ట్రాక్ట్ గాలిలో తేమ పీల్చి బంక అవుతుంది, కాబట్టి డెసికేటర్‌లో పెట్టి, చిన్న చిన్న సీసాల్లో పంచి మైనస్ 20లో దాచండి. రోజూ ఒకే సీసా తీసి మూసి చేస్తే అడుగుకి వచ్చేసరికి నీళ్లే తూస్తారు.

బేస్‌కి ఉత్త సాఫ్ట్ పారఫిన్ పనికిరాదు. బ్రిటిష్ ఫార్మకోపియా సింపుల్ ఆయింట్‌మెంట్ చేయండి: 100 గ్రాములకి ఊల్ ఫ్యాట్ 5, హార్డ్ పారఫిన్ 5, సీటోస్టియరిల్ ఆల్కహాల్ 5, సాఫ్ట్ పారఫిన్ 85. ఎక్కువ వేడికి కరిగేదాన్ని ముందు కరిగించి, తర్వాత మిగతావి వేసి, చల్లారేదాకా కలుపుతూనే ఉండాలి. కలపడం ఆపితే గట్టి గడ్డలు కడతాయి. వేడి బేస్‌లో ఎక్స్‌ట్రాక్ట్ వేయకండి. బంకలాంటి ఎక్స్‌ట్రాక్ట్‌ని స్లాబ్ మీద కొద్దిగా ప్రొపిలీన్ గ్లైకాల్‌తో ముద్ద చేసి, చల్లారిన బేస్‌లో కొంచెం కొంచెంగా కలుపుతూ నూరండి. బేస్ కంట్రోల్‌లో కూడా అంతే ప్రొపిలీన్ గ్లైకాల్ పడాలి. వేళ్ల మధ్య రుద్దితే గరుకు తగలకూడదు.

ఇంకో చిక్కు. నీటిలో కరిగే పదార్థాలు పారఫిన్ లోంచి బయటికి రావడం కష్టం. 10 శాతం 5 కంటే బాగా పనిచేయకపోతే ఎక్స్‌ట్రాక్ట్‌నే తప్పుపట్టకండి, బేస్ వదలట్లేదేమో. ఫ్రాంజ్ సెల్‌లో (పొర గుండా మందు విడుదలని కొలిచే పరికరం) ఎంత విడుదలవుతోందో ముందే చూసుకుంటే ఈ అనుమానం తీరుతుంది. ఎండిన ఆకు పొడిలో బూజు, బ్యాక్టీరియా స్పోర్లు కచ్చితంగా ఉంటాయి, ఆయింట్‌మెంట్‌కి సూక్ష్మజీవుల లెక్క చేయించండి.

జవాబు 3: పశువైద్యం

ఈథర్ కొట్టేయండి. అంటుకుంటే పేలుతుంది, శ్వాసనాళాన్ని మండిస్తుంది, మత్తు లోతు అదుపులో ఉండదు. కమిటీ అక్కడే ఆపేస్తుంది. ఐసోఫ్లురేన్ ఉంటే అదే మేలు. లేకపోతే కెటమిన్ 75–100, జైలజీన్ 5–10 మి.గ్రా. కిలోకి, ఉదర కుహరంలోకి ఇంజెక్షన్. ఈ మత్తులో ఎలుక కళ్లు తెరిచే ఉంటాయి, కంటి ఆయింట్‌మెంట్ పెట్టకపోతే కార్నియా ఎండుతుంది. ఒంటి వేడి చాలా త్వరగా పడిపోతుంది. ఆపరేషన్ బాగా జరిగి లేచేలోపు చచ్చిపోయే ఎలుకలకి తరచూ ఇదే కారణం. హీటింగ్ ప్యాడ్ మీద గుడ్డ పరిచి పడుకోబెట్టండి, పూర్తిగా తిరగడం మొదలుపెట్టాకే గదికి పంపండి. జైలజీన్ రక్తంలో చక్కెర పెంచుతుంది, రేపు డయాబెటిక్ మోడల్‌కి వెళ్తే గుర్తుంచుకోండి.

నొప్పి మందు మీ ప్రోటోకాల్‌లో ఎక్కడా లేదు. 2.5 సెం.మీ. చర్మం తీసి నొప్పి మందు ఇవ్వకపోవడం కుదరదు. మెలోక్సికామ్ ఇన్‌ఫ్లమేషన్‌ని తగ్గిస్తుంది కాబట్టి గాయం పనికి చిక్కే. బ్యూప్రెనార్ఫిన్ 0.05 మి.గ్రా. కిలోకి, చర్మం కింద, 8–12 గంటలకొకసారి, మొదటి రెండు మూడు రోజులు ఇవ్వండి. ఏది ఇచ్చినా అన్ని గ్రూపులకీ ఒకే మోతాదు, ఒకే వేళ. బ్యూప్రెనార్ఫిన్ ఇచ్చిన ఎలుకలు కింద పరిచిన రంపపు పొట్టు తినేస్తాయి, పైగా ఆ పొట్టు ఆయింట్‌మెంట్‌కి అంటుకుని గాయంలో చేరుతుంది. కాగితం పరుపు వాడితే రెండూ తప్పుతాయి.

గాయమయ్యాక ఒక్కో ఎలుకని ఒక్కో పంజరంలో పెట్టండి, పక్కది నాకుతుంది, కొరుకుతుంది. మెడకి దగ్గరగా, భుజాల మధ్య గాయం చేస్తే తన నోరు తనకి అందదు. నాకితే రెండు నష్టాలు: మందు కడుపులోకి పోతుంది, లాలాజలంలోని గ్రోత్ ఫ్యాక్టర్లు గాయానికి తగులుతాయి. 10 శాతం ఆయింట్‌మెంట్ 0.5 గ్రాములో 50 మి.గ్రా. ఎక్స్‌ట్రాక్ట్ ఉంటుంది. 200 గ్రాముల ఎలుక అదంతా నాకేస్తే కిలోకి 250 మి.గ్రా. నోటి మోతాదు వేసినట్టే.

గాయానికి ముందు ఓఈసీడీ పరీక్ష మార్గదర్శకం 402 ప్రకారం చర్మం మీద విషప్రభావ పరీక్ష కావాలి. చికాకు పరీక్షకి కుందేలు దాకా పోకుండా 439లో చెప్పిన కృత్రిమ మానవ చర్మంతో చేయొచ్చు. బరువు 20 శాతం పడిపోయినా, చీము పట్టి నీరసించినా ఎలుకని పరీక్షలోంచి తప్పించి నొప్పి లేకుండా చంపుతామని కమిటీ అర్జీలోనే రాయండి.

ఫైటో_ఎంఫార్మ్

చాలా థ్యాంక్స్ అండి, సగం ప్రోటోకాల్ మళ్లీ రాయాలి. గ్రూపులు ఐదు చేస్తున్నా, ఈథర్ తీసేశా. రెండు మిగిలాయి. ఎక్స్‌ట్రాక్ట్ ముదురాకుపచ్చ కదా, ఏ ఎలుక ఏ గ్రూపో చూడగానే తెలిసిపోతుంది. బ్లైండింగ్ (కొలిచేవాళ్లకి గ్రూపు తెలియకుండా ఉంచడం) ఎలా? 20వ రోజు చర్మం తీస్తే హైడ్రాక్సీప్రోలిన్‌కి సరిపోతుందా?

జవాబు 4: హిస్టో_బయోకెమ్

పచ్చరంగుని దాచలేరు. రాసే మనిషి, కొలిచే మనిషి వేరుగా ఉండాలి. ఫోటోకి ముందు సెలైన్‌లో తడిపిన గాజుగుడ్డతో అన్ని గాయాల్నీ, కంట్రోల్‌తో సహా, ఒకేలా అద్ది తుడవండి. రుద్దితే పక్కు ఊడి కొత్త ఎపిథీలియం దాంతోపాటే లేచిపోతుంది. స్కేలు పక్కన పెట్టి, కెమెరా ఒకే ఎత్తులో బిగించి తీయండి. ఫోటోలకి మూడో మనిషి నంబర్లు మార్చి, గాయం చుట్టూ కత్తిరించి, కొలిచేవాళ్లకి ఇవ్వాలి. ఇంకా పచ్చ మరక కనిపిస్తుంటే ఫోటోని నలుపు తెలుపుగా మార్చవచ్చు, కాకపోతే అప్పుడు లోపలి గీత గుర్తుపట్టడం కష్టం. అందుకే నా ఓటు మొదట బాగా తుడవడానికే.

20వ రోజు చర్మం సరిపోదు. అప్పటికి గాయం చిన్న గీతలా మిగులుతుంది. పాత కొలత ప్రకారం 2.5 సెం.మీ. ముక్క కోస్తే అందులో ఎక్కువ భాగం మామూలు చర్మమే, దాన్నిండా పాత కొల్లాజెనే. అన్ని గ్రూపుల్లోనూ ఒకే అంకె వచ్చి "తేడా లేదు" అని రాయాల్సి వస్తుంది. విడిగా కొన్ని ఎలుకలు పెట్టి 7వ రోజు, 14వ రోజు తీయండి, అంచు చర్మం ఒలిచేసి గ్రాన్యులేషన్ కండ మాత్రమే తీసుకోండి. సగం ఫార్మలిన్‌కి, సగం హైడ్రాక్సీప్రోలిన్‌కి.

హైడ్రాక్సీప్రోలిన్ కోసం కండని 60 డిగ్రీల దగ్గర బరువు నిలిచేదాకా ఎండబెట్టండి. పచ్చి బరువు మీద లెక్కిస్తే వాపు నీరు అంకెని తినేస్తుంది. మూత బిగించిన గొట్టంలో 6 నార్మల్ హైడ్రోక్లోరిక్ ఆమ్లంతో 130 డిగ్రీల దగ్గర 4 గంటలు ఉంచి, పీహెచ్ 7కి తేవాలి. తర్వాత క్లోరమిన్-టి 20 నిమిషాలు, పెర్‌క్లోరిక్ ఆమ్లంతో ఆపి, ఎర్లిచ్ రీజెంట్ వేసి 60 డిగ్రీల దగ్గర రంగు తెప్పించి 557 నానోమీటర్ల దగ్గర చదవాలి. రంగు రాకపోతే ముందు చూడాల్సినవి రెండు: ఆమ్లం పూర్తిగా తటస్థం కాకపోవడం, పాతబడ్డ క్లోరమిన్-టి. ఈ రీజెంట్ ఏ రోజుకారోజు కలుపుకోవాలి, స్టాండర్డ్ కర్వ్ కూడా శాంపిల్స్‌తో పాటే పెట్టాలి. పాత కర్వ్ మీద కొత్త శాంపిల్స్ చదవడం నేను ఒప్పుకోను.

ఫార్మలిన్‌లో వేసేముందు ముక్కని గట్టి కాగితం మీద పరిచి అంటించండి. లేకపోతే చుట్టుకుపోయి, కోసినప్పుడు పైచర్మం ఏటవాలుగా తెగి రెట్టింపు మందంగా కనిపిస్తుంది. 10 శాతం న్యూట్రల్ బఫర్డ్ ఫార్మలిన్, ఒక రోజు. గాయం నడిమధ్య నుంచి అడ్డంగా, రెండు వైపులా మామూలు చర్మం పడేట్టు కోయాలి. సెక్షన్లు 5 మైక్రాన్లు. హెచ్ అండ్ ఈ రంగుతోపాటు మాసన్ ట్రైక్రోమ్ రంగు వేస్తే కొల్లాజెన్ నీలంగా తేలుతుంది. స్లైడ్ల మీద కూడా గ్రూపు పేరు రాయకండి.

జవాబు 5: గాయాల_ల్యాబ్

లెక్కల సంగతి ఎవరూ ఎత్తలేదు. మీ మొదటి ప్లాన్‌లో ఆరు రోజులు, రోజుకి మూడు పోలికలు, అంటే 18 టి-టెస్టులు. 0.05 దగ్గర అవి విడివిడి పరీక్షలనుకుంటే, మందు నీళ్లయినా కనీసం ఒకచోట "తేడా ఉంది" అని రావడానికి 60 శాతం అవకాశం ఉంది. (0వ రోజుకి అసలు టెస్టే అక్కర్లేదు. ఎలుకల్ని బరువుల వారీగా విడగొట్టి చీటీ తీసి పంచితే చాలు.) ఒకే ఎలుకని పదేపదే కొలుస్తున్నారు కాబట్టి రిపీటెడ్ మెజర్స్ అనోవా గానీ మిక్స్‌డ్ మోడల్ గానీ వాడండి. ముందే రాసుకున్న 8వ రోజు కొలతకి బేస్ గ్రూపుతో డన్నెట్ పోలిక (అన్ని గ్రూపుల్నీ ఒకే కంట్రోల్‌తో పోల్చే పరీక్ష) పెట్టండి. పక్కు ఊడి పచ్చి మిగలని రోజుని ఎపిథీలియలైజేషన్ కాలం అంటాం కదా, అది రోజుల లెక్క, అందులోనూ కొన్ని 20 రోజులకి మూసుకోకపోవచ్చు. దానికి లాగ్-ర్యాంక్ టెస్ట్ సరిగ్గా సరిపోతుంది. సగటు పక్కన ఎస్‌ఈఎం (సగటు ఎంత కచ్చితమో చెప్పే అంకె) కాకుండా ఎస్‌డీ (ఎలుకకీ ఎలుకకీ ఉండే తేడా చెప్పే అంకె) రాయండి. 6 ఎలుకలకి గ్రాఫులో ఆరు చుక్కలూ వేస్తే ఇంకా మంచిది.

గ్రూపుకి 6 సరిపోతాయా అన్నది ఆనవాయితీని బట్టి తేలదు. బేస్ రాసిన గాయాల్లో 8వ రోజు వైశాల్యం ఎలుకకీ ఎలుకకీ ఎంత మారుతుందో చూడాలి. మీ ల్యాబులో ఎవరి దగ్గరైనా పాత కంట్రోల్ అంకెలుంటే ఎస్‌డీ అడిగి తీసుకుని, దాన్ని పెట్టి సంఖ్య లెక్కగట్టండి. కమిటీ మిమ్మల్ని ముందుగా అడిగే అంకె కూడా అదే.